సోమలింగం పేరు ముందే రాయించండి

తొందరపడేవాణ్ని చూసి మనవాళ్లు "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వుతారు. ఇంటర్నెట్‌లో సరుకు అమ్మదలచుకున్నవాళ్ల విషయంలో మాత్రం ఈ సామెత చెల్లదు. కొట్టు తెరవకముందే, సరుకు దిగకముందే, ఒక్కోసారి భాగస్తులు కుదరకముందే పేరు రాయించేసుకోవాలి. ఆలస్యం చేస్తే సోమలింగం ఇంకొకరి ఇంట్లో పుడతాడు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీద గదిలో కూర్చుని చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు పెట్టించడం నా వృత్తి. మోడెమ్ కీచుమంటూ కనెక్టయ్యే రోజుల్లో మొదలుపెట్టాను. అప్పట్లో డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రసు, తీసుకోవాలంటే డాలర్లలో కట్టగలిగే క్రెడిట్ కార్డు ఉండాలి. అలాంటి కార్డు ఉన్నవాళ్లను ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు టీ చల్లారేలోగా పని అయిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. శుభలేఖ రంగు తేల్చడానికి వారం కూర్చునేవాళ్లే, ఏళ్ల తరబడి మోయాల్సిన పేరును ఆటో దిగేలోగా ఖాయం చేసేస్తున్నారు.

నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. అన్నీ చదివే ఓపిక లేనివాళ్లు 2, 11 చదివితే చాలు.

1. ఫోన్‌లో చెప్పి చూడండి

కాగితం మీద ప్రతి పేరూ బాగానే ఉంటుంది. కానీ మన దగ్గర బేరం నడిచేది నోటి మాట మీద. పెళ్లిలో పక్కన కూర్చున్నావిడ "ఈ చీర ఎక్కడ తీసుకున్నావే?" అంటే వచ్చే జవాబే మీకు అసలైన ప్రకటన. ఆ జవాబు నోటి నుంచి చెవికి, చెవి నుంచి వేలికి చెడిపోకుండా చేరాలి. అలా చేరని పేరు ఎంత అందంగా ఉన్నా దండగే.

గుంటూరు నుంచి ఒకావిడ పచ్చళ్ల వ్యాపారానికి పేరు రాసుకొచ్చారు. నా ఎదురుగానే డాలస్‌లో ఉన్న ఆడపడుచు కూతురికి ఫోన్ చేయించాను, స్పీకర్ పెట్టి.

"గోంగూర ఘుమఘుమలు డాట్ కామ్. రాసుకోమ్మా."

"జి, ఓ, ఎన్, జి... తర్వాత యు నా, రెండు ఓలా అత్తయ్యా?"

"యు."

"ఘుమలో హెచ్ ఉందా?"

"ఉంది. కాదు, ఆగు... అబ్బాయి తీసేద్దామన్నాడు."

"రెండుచోట్లా తీసేశారా, ఒకచోటేనా?"

ఆవిడ ఫోన్ పెట్టేసి, "వేరే పేరు చూద్దామండీ" అన్నారు. నేను నోరు విప్పాల్సిన పని లేకపోయింది.

ఇది మనకే వచ్చిన తంటా కాదు. 1994లో జెఫ్ బెజోస్ తన కంపెనీకి మొదట పెట్టిన పేరు కడాబ్రా. మంత్రగాళ్లు అనే అబ్రకదబ్రలోని రెండో సగం అన్నమాట. ఆయన లాయరు ఫోన్‌లో దాన్ని 'కడావర్' అని విన్నాడు. అంటే శవం. ఆ పేరు పోయి అమెజాన్ వచ్చింది.

మీరూ పరీక్ష పెట్టండి. మీ పేరు ఇంతకుముందు వినని మనిషికి ఫోన్ చేసి, ఒక్కసారే చెప్పి, టైప్ చేసి వాట్సాప్‌లో పంపమనండి. ముగ్గురిలో ఇద్దరు తప్పు రాస్తే తప్పు వాళ్లది కాదు.

2. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు

మన పేర్లలో సగం దెబ్బతినేది ఇక్కడే. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. 'త'కు ఒకరు ఒట్టి టి వేస్తారు, ఇంకొకరు పక్కన హెచ్ చేరుస్తారు. అందుకే చేనేత అన్న మాటకు ఇప్పటికే రెండు రూపాలున్నాయి. దీర్ఘం దగ్గర ఏ ఒకటా రెండా, ఒత్తు దగ్గర సి పక్కన ఇంకో సి వేయాలా, హెచ్ ఎన్నిసార్లు వేయాలి... 'పచ్చళ్లు' అన్న ఒక్క మాటను ఇంట్లో నలుగురి చేత విడివిడిగా రాయించి చూడండి, నాలుగు రకాలు రాకపోతే అడగండి.

దేవుడి పేర్ల దగ్గర ఇది మరీ ముదురుతుంది. 'శ్రీ'ని రాసే పద్ధతులు నాలుగు: ముందు ఎస్ ఒక్కటే గానీ ఎస్‌హెచ్ గానీ, చివర ఐ గానీ రెండు ఈలు గానీ. 'లక్ష్మి'కి మధ్యలో కెఎస్‌హెచ్ వేసేవాళ్లున్నారు, ఎక్స్ వేసేవాళ్లున్నారు. దానికీ చివర ఐ అయినా, రెండు ఈలయినా. అంటే అదీ నాలుగు రకాలే. నాలుగు నాళ్లు పదహారు. శ్రీలక్ష్మి అని వెతికే మనిషికి పదహారు దారులుంటే అందులో మీరు డబ్బు కట్టింది ఒక్కదానికే. మిగతా పదిహేనింటిలో ఏ దారిన పోయినా ఆ మనిషి మీ ఇంటికి రాడు. దేవుడి పేరు బోర్డు మీద నిండుగా రాయించండి, బిల్లు పుస్తకం మీద వేయించండి, వెబ్‌సైట్ లోపల పటం పెట్టండి. అడ్రసులో మాత్రం వద్దు. ఈ మాటకు చాలామందికి నా మీద కోపం వచ్చింది. వస్తే రానివ్వండి.

అంటే తెలుగు పేరే వద్దనడం లేదు. ఏ మాట చీలిపోతుందో, ఏది చీలదో చూసుకోమంటున్నాను. ఒత్తులు, మహాప్రాణాలు, దీర్ఘాలు, త-థలు లేని చిన్న మాటలు మన భాషలో కావలసినన్ని ఉన్నాయి. మిరప, గడప, అరుగు, పొలం: వీటిని ఎవరు రాసినా దాదాపు ఒకేలా రాస్తారు. అలాంటి మాట ఒకటి పట్టుకుని, మీ సరుకు తెలిపే తేలిక మాట ఇంకోటి జోడించండి. అంతకన్నా ముదురు తెలివి అక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన ఫణీంద్ర సామా 2006లో ఇద్దరు మిత్రులతో బెంగళూరులో బస్సు టికెట్ల వ్యాపారం పెట్టి దానికి రెడ్‌బస్ అని పేరు పెట్టారు. ఒకటో తరగతి పిల్లలు నేర్చుకునే రెండు మాటలవి. స్పెల్లింగ్ అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

చీలే పేరు మీద ఇప్పటికే మంచిపేరు సంపాదించి ఉంటే, మార్చడం కన్నా జనం ఎక్కువగా రాసే ఇంకో రెండు మూడు రూపాలు కూడా కొనేసి అసలు అడ్రసుకు మళ్లించండి. పదహారూ కొనాల్సిన పని లేదు.

3. గీతలు, అంకెలు

వద్దు. "మధ్యలో డాష్ ఉంటుందండీ" అని ప్రతి ఫోన్‌లోనూ చెప్పాలి. 'ఫోర్' అంటే అంకె వేయాలా, అక్షరాల్లో రాయాలా అన్నది ఎప్పటికీ తేలదు. ఒక్క మినహాయింపు చెబుతాను. మాటలు కలిపి రాస్తే మధ్యలో ఇంకో అర్థం పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. అమెరికాలో ఎక్స్‌పర్ట్స్ ఎక్స్ఛేంజ్ అనే సాంకేతిక సలహాల సైట్ ఈ చిక్కుతోనే నవ్వులపాలై చివరికి మధ్యలో గీత పెట్టుకుంది. మీ పేరును చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా రాసి ఇంటర్ చదివే కుర్రాడికి చూపించండి. వాడు నవ్వితే పేరు మార్చేయండి, కారణం అడగొద్దు.

4. డాట్ తర్వాత ఏముండాలి

డాట్ కామ్ దొరికితే అదే తీసుకోండి. జనం చెయ్యి అటే పోతుంది. దానికి ఖరీదైన సాక్ష్యం ఓవర్‌స్టాక్ అనే అమెరికా కంపెనీ. 2011లో వాళ్లు ముద్దుగా, పొట్టిగా ఉంటుందని 'ఓ డాట్ కో' అనే అడ్రసుకు మారి దేశమంతా ప్రకటనలు గుప్పించారు. జనం ప్రకటన చూసి ఇంటికెళ్లి 'ఓ డాట్ కామ్' కొట్టారు. కంపెనీ మళ్లీ పాత పేరుకే రావాల్సి వచ్చింది.

ఇక్కడి జనానికే అమ్మేవాళ్లకు డాట్ ఇన్ మంచిదే. 2005లో అందరికీ తెరిచినప్పటి నుంచి చూస్తున్నాను, ఇప్పుడు దాన్ని అనుమానంగా చూసేవాళ్లు లేరు. రిజర్వు బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబరు 31 కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అడ్రసులకు మారిపొమ్మంది. వాటిని నమోదు చేసే బాధ్యత హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీకి ఇచ్చారు. బ్యాంకులే డాట్ ఇన్ కింద చేరాక జనానికి ఆ తోకతో చనువు ఇంకా పెరుగుతుంది. అమెరికాకు పచ్చళ్లు పంపేవాళ్లు మాత్రం రెండూ తీసుకోవాలి.

ఫ్యాషన్‌గా ఉన్నాయని వేరే దేశాల తోకలు పట్టుకోకండి. డాట్ ఎల్‌వై లిబియాది. 2010లో ఆ దేశపు రిజిస్ట్రీ ఒక లింకుల సైట్‌ను తమ చట్టానికి విరుద్ధమంటూ తీసేసింది. అడగడానికి ట్రిపోలీ ఎవరు వెళ్తారు? డాట్ టీకే లాంటివి ఉచితంగా పంచిపెట్టిన కంపెనీ 2023లో కొత్త నమోదులు ఆపేసింది. ఆ తోకలతో మోసగాళ్లు ఎంతగా ఆడుకున్నారంటే, మెయిల్‌లో అవి కనిపిస్తేనే జనం అనుమానించే స్థితి వచ్చింది.

5. ఊరి పేరు మీది కాదు

ఆత్రేయపురం అంటే పూతరేకులు, పోచంపల్లి అంటే ఇక్కత్. కాబట్టి ఊరి పేరే అడ్రసులో పెడితే సగం ప్రచారం అయిపోయినట్టే అనుకుంటారు. నిజమే, అయిపోతుంది, అందరికీ కలిపి. ఆత్రేయపురం పేరుతో అమ్మేవాళ్లలో మీరొకరు అవుతారు తప్ప, 'ఫలానా వాళ్ల పూతరేకులు' అని గుర్తుండిపోరు. పైగా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు అంతకు చాలా ముందే ఉంది. ఆ పేరు వాడుకునే హక్కు అక్కడ పద్ధతి ప్రకారం తయారుచేసేవాళ్లది. ఎక్కడో మిల్లులో అచ్చు వేసిన బట్టను పోచంపల్లి అన్న అడ్రసు మీద అమ్మితే చట్టం ఊరుకోదు. ఊరుకున్నా నేను ఆ సైట్ చెయ్యను.

ఇంకో సంగతి. పేరులో సరుకు మాట ఉంటే గూగుల్‌లో పైన కనిపిస్తామని ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. ఆ కిటుకును గూగుల్ 2012 సెప్టెంబరులోనే నీరుగార్చింది. సైట్‌లో పస లేకుండా పేరులో మాత్రం సరుకు మాట ఉన్నవాళ్లు అప్పుడే కిందకు జారారు.

6. పెద్దవాళ్ల నీడలో నిలబడొద్దు

"పేరున్న కంపెనీకి దగ్గరగా పెడితే నాలుగు బేరాలు పొరపాటునైనా ఇటు వస్తాయి కదా సార్" అని ఒకబ్బాయి అడిగాడు. వస్తాయి. వాటి వెనకాలే లాయరు నోటీసు వస్తుంది.

1999లో ఢిల్లీ హైకోర్టు యాహూ పేరుకు ఇండియా అని తగిలించుకున్నవాళ్లను ఆపింది. అదే రోజుల్లో బొంబాయి హైకోర్టులో రీడిఫ్‌కు, ఒక్క అక్షరం తేడాతో రాడిఫ్ అని పెట్టుకున్నవాళ్లకు వ్యాజ్యం నడిచింది. రాడిఫ్ ఓడింది. మనకు బాగా దగ్గరి కేసు మాత్రం సిఫీది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ వాళ్ల అనుబంధ కంపెనీ సత్యం ఇన్ఫోవే, తన పేరులోని ముక్కలు కలిపి సిఫీ అనే మాట పుట్టించుకుని 1999లో ఆ పేరుతో అడ్రసులు నమోదు చేసుకుంది. తర్వాత ఇంకొకరు ఎఫ్ ఒకటి ఎక్కువ వేసి సిఫ్ఫీనెట్ అని మొదలుపెట్టారు. తమ ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే అలా వచ్చిందని వాళ్ల వాదన. బెంగళూరు సివిల్ కోర్టు ఆపమంది, కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే వైపే నిలబడింది. డొమైన్ పేరు ఒట్టి చిరునామా కాదని, ట్రేడ్‌మార్కుకున్న లక్షణాలన్నీ దానికీ ఉండొచ్చని ఆ తీర్పులో తేల్చారు. ఒక్క ఎఫ్ కోసం సుప్రీంకోర్టు దాకా.

కాబట్టి డబ్బు కట్టకముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఉచితంగా వెతకండి. సరుకును బట్టి తరగతులుంటాయి. బట్టకు 24, తొడుక్కునే దుస్తులకు 25. అక్షరం అక్షరం కలిసేవే కాదు, పలికితే ఒకేలా వినిపించేవి కూడా చూడండి. మీ పేరుకు ట్రేడ్‌మార్క్ తీసుకుంటే అదే మీకూ రక్షణ. మీ పేరును ఇంకొకరు ఎత్తుకుపోతే డాట్ ఇన్‌కు ఆ తోకను నడిపే నిక్సీ వాళ్ల మధ్యవర్తిత్వ విధానం ఉంది. డాట్ కామ్ అయితే జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వైపోకు ఫిర్యాదు చేసుకోవచ్చు గానీ, ఒక్క నిర్ణేత ఉన్నా 1,500 డాలర్లు కట్టాలి. పచ్చళ్ల వ్యాపారికి అది ఎన్ని సీసాల లాభమో లెక్కేసుకోండి.

7. రేపటికి ఇరుకైపోయే పేరు

ఇవాళ కారప్పొడులు, రేపు తినుబండారాలు, ఎల్లుండి వంటపాత్రలు. పేరులో కారప్పొడి ఇరికిస్తే ఎల్లుండికి ఇబ్బంది. టెస్లా వాళ్లు మొదట టెస్లామోటార్స్ అనే అడ్రసుతో ఉండి, ఒట్టి టెస్లా డాట్ కామ్ చేతికి రావడానికి 2016 దాకా ఆగారు. దానికి పదేళ్ల పైన, కోటీ పది లక్షల డాలర్లు పట్టాయని ఇలాన్ మస్కే చెప్పుకున్నాడు.

8. తెలుగు లిపిలో అడ్రసు

ఇది చాలామందికి తెలియదు. డాట్ భారత్ అని తెలుగు అక్షరాల్లోనే తోక ఉంది. దానికి ముందు పేరునూ తెలుగులోనే రాసుకోవచ్చు. 'పచ్చళ్లు'కు నాలుగు స్పెల్లింగుల గొడవ అక్కడ లేదు, ఒత్తులతో సహా ఒక్కటే. చూస్తే కడుపు నిండుతుంది. కానీ కంప్యూటర్లు లోపల దాన్ని ఇంగ్లీషు అక్షరాలు, గీతలు కలిసిన ఒక పిచ్చి గొలుసుగా మార్చుకుంటాయి. మీరు లింకు పంపితే కొన్నిచోట్ల తెలుగు బదులు ఆ గొలుసే కనిపిస్తుంది. ఆ అడ్రసుతో మెయిల్ ఐడీ ఇస్తే చెల్లదని తిప్పికొట్టే ఫారాలూ ఉన్నాయి. అందుకని నా సలహా: తీసుకోండి, బోర్డు మీద గర్వంగా రాయించండి, ఇంగ్లీషు అడ్రసుకు మళ్లించండి. వ్యాపారమంతా దాని మీదే నిలబెట్టకండి, ఇప్పుడప్పుడే.

9. కొనడం కాదు, లీజు

డొమైన్ 'కొన్నాను' అంటారు. ఎవరూ కొనరు. ఏడాదికో, ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకో కౌలుకు తీసుకుంటారు. మొదటి ఏడు తొంభై తొమ్మిది రూపాయలని ప్రకటన చూసి ఎగబడకండి, రెండో ఏడు ఎంతో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవండి.

గడువు మరిచిపోవడం పేదవాళ్ల జబ్బేమీ కాదు. 1999 క్రిస్మస్ ముందురోజు మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్‌కు 35 డాలర్లు కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిల్‌లోకి జనం వెళ్లలేకపోయారు. సంగతి కనిపెట్టిన ఒక ప్రోగ్రామర్ తన కార్డుతో ఆ డబ్బు కట్టి పుణ్యం కట్టుకున్నాడు. మీకు అలాంటివాడు దొరకడు. డాట్ కామ్ గడువు దాటాక కొన్నాళ్లు మామూలు రుసుముతోనే రెన్యూ చేయనిస్తారు. తర్వాత 30 రోజులు భారీ జరిమానాతో విడిపించుకోవాలి. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆరో రోజు అది ఎవరిదైనా కావచ్చు. అలా వదిలేసిన పేర్ల కోసం కాచుకుని ఉండేవాళ్లకు అదే వృత్తి.

"ఆటో రెన్యువల్ పెట్టానండీ" అంటారు. 2021 అక్టోబరు నుంచి మన కార్డుల మీద నెలనెలా, ఏటేటా కోత పడాలంటే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి నమోదై ఉండాలి. ఆ ఏర్పాటు లేని విదేశీ కంపెనీల కోత నిశ్శబ్దంగా ఫెయిలవుతుంది. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని గడువుకు నెల ముందే చేత్తో కట్టండి.

10. చైనా నుంచి ఉత్తరం

సైట్ పెట్టిన కొన్నాళ్లకు ఒక మెయిల్ రావచ్చు. మీ పేరును చైనాలో ఎవరో నమోదు చేయబోతున్నారు, హక్కు మీదే కాబట్టి వెంటనే జవాబివ్వండి అని. జవాబిస్తే డబ్బు అడుగుతారు. ఏమీ చేయకండి.

11. కాగితం ఎవరి పేరున ఉంది?

పేరు ఎంత గొప్పగా కుదిరినా ఇది తప్పితే అన్నీ తప్పినట్టే. వెబ్‌సైట్ చేసిపెట్టేవాడికి "అన్నీ నువ్వే చూసుకో తమ్ముడూ" అని డబ్బు చేతిలో పెడతారు. ఆ కుర్రాడు తన ఖాతాలో, తన మెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో డొమైన్ నమోదు చేస్తాడు. దొంగబుద్ధితోనే కానక్కర్లేదు, అతనికి అది తేలిక. నాలుగేళ్లకు అతను బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోతాడు, ఫోన్ నంబరు మారుస్తాడు. రెన్యువల్ హెచ్చరికలు అతని పాత మెయిల్‌కు పోతుంటాయి.

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే అన్నదమ్ములకు ఇదే జరిగింది. సైట్ కట్టినవాళ్లతో బిల్లు దగ్గర మాట తేడా వచ్చింది. డొమైన్ మా పేరున ఉంది, ఇవ్వం అన్నారు వాళ్లు. దసరా ముందు సైట్ ఆగిపోయింది. కవర్ల మీద, చీరల పెట్టెల మీద అచ్చు వేయించిన అడ్రసు అదే. పెద్దమనుషులను కూర్చోబెట్టి, అడిగినంత ఇచ్చి విడిపించుకునేసరికి దీపావళి వెళ్లిపోయింది.

కాబట్టి రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసే కంపెనీ) దగ్గర ఖాతా మీ పేరునే తెరవండి. మెయిల్ మీది, ఫోన్ మీది, పాస్‌వర్డ్ మీ దగ్గర. కంపెనీ ఉంటే రిజిస్ట్రంట్ (హక్కుదారు) అన్నచోట కంపెనీ పేరు. ఇద్దరు భాగస్తులుంటే విడిపోయినప్పుడు పేరు ఎవరికో భాగస్వామ్య పత్రంలోనే రాసుకోండి. ఖాతా మెయిల్ ఆ డొమైన్‌దే కాకుండా చూడండి. డొమైన్ ఆగిన రోజు ఆ మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే దారి కూడా మూసుకుపోతుంది. సైట్ చేసేవాడికి డీఎన్ఎస్ (అడ్రసును సర్వరుకు కలిపే సెట్టింగ్) మార్చుకునే అనుమతి ఇస్తే చాలు, ఇంటి పట్టా ఇవ్వక్కర్లేదు.

ఇప్పటికే సైట్ నడుపుతున్నవాళ్లు ఇవాళే ఒక పని చేయండి. మీ డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉందో, ఎవరి ఖాతాలో ఉందో, గడువు ఎప్పుడో కనుక్కోండి. వేరేవాళ్ల ఖాతాలో ఉంటే, వాళ్లతో మాటలు బాగున్నప్పుడే, ఆథ్ కోడ్ (బదిలీకి కావలసిన రహస్య సంకేతం) అడిగి మీ ఖాతాకు మార్పించుకోండి. బిల్లు బాకీ ఏమైనా ఉంటే ముందు అది తీర్చేయండి.